ఇరవై ప్రశ్నల కవరు

కోదాడ,
28 జూన్ 1949

అక్కా,

క్షేమమని రాయాలి గనుక రాస్తున్నాను. ఒంటికి క్షేమమే. ముఖానికే బాగాలేదు, ఎవరికీ చూపించలేకుండా ఉన్నాను.

మొన్న ఆదివారం సూర్యాపేటలో విజ్ఞాన పోటీకి పోయాం కదా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పఠనాలయాల మధ్య ఈ పోటీ. జట్టుకు ముగ్గురు. ఒక్కో జట్టు ఎదుటివాళ్ళను అడగడానికి ఇరవై ప్రశ్నలు, జవాబులతో సహా రాసి, కవరులో పెట్టి లక్క వేసి, పెద్దమనిషిగా కూర్చున్న వకీలు గారి చేతికిస్తుంది. ఆయన ప్రశ్న చదివి పది లెక్కపెడతాడు. ఆలోపు ముగ్గురం గుసగుసలాడుకోవచ్చు కానీ, జవాబు చెప్పాల్సింది నాయకుడే. మా జట్టుకు నాయకుణ్ణి నేనే.

చివరి ప్రశ్న దాకా సమానంగా ఉన్నాం. ఆ చివరిది, "మన దేశానికి రాజధాని ఏది?" అని. పక్కవాళ్ళను అడిగే పని కూడా లేదనుకున్నాను. లేచి నిలబడి "హైదరాబాద్" అన్నాను.

పదేళ్ళు అక్కా! పదేళ్ళు బడిలో ఉర్దూలో అదే చెప్పాను. నేను చదువుకున్నప్పుడు నాకూ అదే చెప్పారు. పోయిన సెప్టెంబరులో సర్కారు మారిన సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ నోటికి తెలియలేదు. ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి ఎవరో "ఏం సారూ, ఇంకా పాత సర్కారు కొలువులనే ఉన్నవా?" అన్నాడు. ఇక నవ్వులు ఆగలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో మా జట్టువాళ్ళు నాతో మాట్లాడలేదు. మరునాడు బడిలో తోటి పంతులు "రండి రాజధాని గారూ" అన్నాడు. ఊళ్ళో అదే పేరు ఖాయమైంది. అన్నం ఎందుకు తినడం లేదని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను. వాము కషాయం తాగించింది.

జులై 31న మీ మిర్యాలగూడ జట్టు ఇక్కడికి వస్తుంది. వాళ్ళ నాయకుడు బావే కదా. అదీ ఓడిపోతే నన్ను తీసేస్తారు. నేనూ మేళ్లచెరువుకు బదిలీ అడుక్కుని పోతాను. నీ ఉత్తరం మీ ఊరి బండి తోలే బాల్యా తెచ్చి ఇచ్చాడు. ఈ జవాబు కూడా ఆయన బండిలోనే పంపుతున్నాను.

నీ తమ్ముడు,
సైదయ్య

———

మిర్యాలగూడ,
16 జులై 1949

సైదులూ,

ముఖం దాచుకోవడానికి నువ్వేమన్నా కొత్త కోడలివా? మిర్యాలగూడలో సగం మందిని అడిగినా అదే రాజధాని చెప్తారు. మిగతా సగం మంది నీకెందుకంటారు. నవ్వినవాళ్ళకు నోరు నొప్పి పుడితే వాళ్ళే ఊరుకుంటారు. నువ్వు మాత్రం వేళకు తిను. కషాయం తాగి తాగి నిజంగానే కడుపునొప్పి తెచ్చుకునేవు.

ఇంతమాట అన్నానే గానీ, నీ ఉత్తరం చదివి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. చిన్నప్పుడు నువ్వు బడినుంచి రాగానే పలక నా ఒళ్ళో పెట్టి, "అక్కా, నాకు చెప్పింది నీకు చెప్తా, దిద్దు" అనేవాడివి. ఆడపిల్లకు అక్షరాలెందుకని నాయన కోప్పడితే, నీ వాటా దెబ్బలూ నా వాటా దెబ్బలూ నువ్వే తిన్నావు. అట్లాంటివాణ్ణి పట్టుకుని పది ఊళ్ళవాళ్ళు నవ్వితే నాకెట్లా ఉంటుంది?

నువ్వు నేర్పిన ఆ అక్షరాలకే ఇప్పుడు ఇక్కడ పని పడింది. మీ బావ చదివింది ఉర్దూ. ఆయన తెలుగు రాస్తే కోడి గీరినట్టు ఉంటుంది. అందుకని వాళ్ళ జట్టు ప్రశ్నలన్నీ నాతో తిరగరాయిస్తున్నాడు. "బయట ఎవ్వరికి చెప్పొద్దు, దేవుని పటం ముంగట ఒట్టు వెయ్" అన్నాడు. వేశాను.

ఉత్తరాలు మోసే బాల్యాను నువ్వు చూడడమే గానీ ఎరగవు. హాలియా దగ్గరి తండా. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. పల్లీ బస్తాల బండి తోలుతాడు. నిరుడే మా పఠనాలయంలో అక్షరాలు దిద్దాడు. మొదటిసారి పత్రికలో ఒక పేజీ అంతా చదివిన రోజు అందరినీ కూర్చోబెట్టి, మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించాడు. వాగులు, రేవులు, దారులు, మైళ్ళు ఆయన్ని అడగాల్సిందే. జట్టులో తీసుకుందామని మీ బావే పట్టుబట్టాడు. పోయినసారి పాలకీడు దగ్గర మిలిట్రీవాళ్ళు బండి ఆపి బస్తాలన్నీ దింపించారట. నీ ఉత్తరం తలపాగాలో దాచి తెచ్చాడు. "ఆడోళ్ళ ఉత్తరం పరాయోళ్ళ చేతుల పెడ్తనా?" అన్నాడు.

ఇంకేం సంగతులు? మా వంటింటికి కూడా విజ్ఞానం పట్టుకుంది. మనిషి ఒంట్లో రెండువందల ఆరు ఎముకలట, మా అత్తకు మాత్రం అన్నీ నొప్పే. పట్టుపురుగు మల్బరీ ఆకు తప్ప ఇంకోటి ముట్టదట, మీ బావకు చింతపులుసు ఎట్లనో అట్లా. చప్పుడు గాలిలో కంటే నీళ్ళలో వేగంగా పోతుందట. మన కృష్ణ ఎక్కడో మహాబలేశ్వరంలో పుట్టిందట. వానలు మాకు లేవు గానీ చిరపుంజిలో ప్రపంచంలో ఎక్కడా లేనంత పడతాయట. శనిగ్రహం చుట్టూ కడియాలున్నాయట. సూయజు కాలువ ఎర్ర సముద్రాన్ని మధ్యధరా సముద్రంతో కలుపుతుందట. చదువు వచ్చినదానికి ఇవన్నీ తెలిసి ఉండడం మంచిదే కదా. నువ్వు కూడా తెలుసుకుని ఉండు.

అమ్మకు కాళ్ళనొప్పికి నువ్వులనూనె పంపుతున్నాను.

నీ అక్క,
సుగుణ

———

కోదాడ,
2 ఆగస్టు 1949

అక్కా,

గెలిచాం. ఇరవైకి పద్దెనిమిది.

చప్పట్లకు పఠనాలయం రేకులు లేచిపోతాయేమో అన్నంత పనయింది. నా మెడలో బంతిపూల దండ వేశారు. రాజధాని గారూ అన్న పంతులే వచ్చి చేయి కలిపాడు.

బావ మాత్రం అన్నానికి రాలేదు. అమ్మ పొద్దున్నే కోడిని కోయించి, అల్లుడు తింటాడని జొన్నరొట్టెలు కూడా చేసి పెట్టింది. "ఆకలి లేదత్తమ్మా" అని గడపలోంచే వెనక్కి తిరిగాడు. అల్లుడు ఎంగిలి పడకుండా పోయాడని అమ్మ రెండు రోజులుగా కుములుతోంది. ఆటలో ఓడిపోయినందుకు ఇంత కోపమా? నువ్వయినా నచ్చజెప్పు.

బాల్యా బండి దగ్గర నావైపు ఒకసారి చూశాడు. శభాష్ అంటాడేమో అనుకున్నాను. ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయాడు.

ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు. ఒంట్లో కొంచెం నలతగా ఉంది.

సైదయ్య

———

మిర్యాలగూడ,
9 ఆగస్టు 1949

సైదులూ,

ఈ ఉత్తరం టపాలో వస్తుంది. బాల్యా బండి ఇక మన ఇంటి ముందు ఆగదు.

మీ బావది ఓడిపోయిన కోపం కాదు. "ప్రశ్న సగం చదవకముందే జవాబు చెప్పిండు నీ తమ్ముడు. గుసగుసలు లేవు, ఆలోచన లేదు. మా కవరు ముందే కోదాడకు చేరింది" అన్నాడు. ప్రశ్నలు తెలిసినవాళ్ళు ముగ్గురు జట్టువాళ్ళూ, నేనూ. నన్ను ఆయన అనుమానించలేదు. ఆ ఊహే రాలేదాయనకు. నెలకు రెండుసార్లు కోదాడకు పోయేది బాల్యా. నీ ఇంటి ముందు బండి ఆపేదీ ఆయనే. ఇంకేం కావాలి?

పఠనాలయంలో అందరి ముందు బాల్యా చొక్కా గల్లా పట్టుకుని అడిగాడట. "లంబాడోన్ని జట్టుల పెట్టుకుంటె గిట్లనే అయితది" అని ఇంకెవరో అన్నారట. బాల్యా అవునన్లేదు, కాదన్లేదు. తీసుకున్న రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టి బయటికి పోయాడట. ఇక ఆ గడప తొక్కవద్దని తీర్మానం రాశారు.

తమ్ముడూ, ఒక్క పని చెయ్. జవాబులన్నీ నువ్వు నీ బడి పుస్తకాల్లోనే చదువుకున్నావని మీ బావకు ఒక కార్డు రాయి. నువ్వు రాస్తే నమ్ముతాడు. బాల్యా నిర్దోషి అని తేలిపోతుంది. పిల్లలవాడు, ఊరంతా వేలెత్తి చూపిస్తోంది.

ఆలస్యం చేయకు.

సుగుణ

———

కోదాడ,
14 ఆగస్టు 1949

అక్కా,

ఆ కార్డు రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. రాయలేను. ఎందుకో చెప్తాను, చదివాక నన్ను తిట్టు.

పోయిన నెల నీ ఉత్తరంలో వంటింటి కబుర్లు రాశావే, ఎముకలు, పట్టుపురుగు, చిరపుంజి... అవి చదువుతుంటేనే నాకు అనుమానం వచ్చింది. పైన ప్రశ్నలు తిరగరాస్తున్నానన్నావు, కింద ఇవి. పాపం, నీకు తెలియకుండానే నోరుజారావు. అక్షరాలు రాసీ రాసీ అవే తలలో తిరుగుతుంటాయి కదా. అప్పుడే ఆ ఉత్తరం పొయ్యిలో వేసి, కొత్త ప్రశ్నలు రాసుకొమ్మని బావకు కబురు పెట్టాల్సింది. నేనేం చేశానో తెలుసా? ఆ ఏడూ కాగితం మీద రాసి, మా జట్టులో మిగతా ఇద్దరితో కంఠస్థం చేయించాను. ఎక్కడివని అడిగితే "పంతుల్ని కదా, నాకు తెలియవా" అన్నాను.

వకీలు గారు మొదటి ప్రశ్న చదివారు. ఎముకలు. అప్పుడైనా లేచి, కవరు బయటపడింది, ఈ పోటీ చెల్లదు అనవచ్చు. రెండువందల ఆరు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు చెవిన పడ్డాక ఇక నాకు సిగ్గన్నది గుర్తుకు రాలేదు. అప్పటిదాకా నెల రోజులుగా నవ్వు తప్ప ఏమీ వినలేదు మరి.

ఇన్నాళ్ళూ నీకోసమే ఊరుకున్నానని నన్ను నేను మోసం చేసుకున్నాను. నిజం చెప్తే నీ పేరు బయటికి వస్తుంది, బావ నిన్ను ఏమంటాడో అని. అది అబద్ధం కాదు. కానీ అంతా నిజమూ కాదు. మెడలో దండ తీయబుద్ధి కాలేదు.

ఏ పాపం తెలియని దానివి, నావల్ల నీకూ మచ్చ వచ్చేట్టుంది. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

సైదయ్య

———

మిర్యాలగూడ,
24 ఆగస్టు 1949

తమ్ముడూ,

నన్ను పాపం తెలియనిదాన్ని అనకు. అది చదవలేక ఉత్తరం రెండుసార్లు మడిచిపెట్టాను.

నోరుజారలేదు. తెలిసే రాశాను. ఇరవైలో ఏవి రాయాలో ఏరుకుని మరీ రాశాను. అన్నీ రాస్తే నీకు అనుమానం వస్తుందని ఏడే రాశాను. నా తమ్ముణ్ణి చూసి నవ్వారు కదా, ఇప్పుడు నవ్వమను చూద్దాం అనుకున్నాను. ఒట్టు వేసిన దేవుడికి దీపం పెట్టి, వచ్చి అదే చేత్తో రాశాను. మీ బావ ఓడిపోతాడని తెలుసు. ఆయనకేం, మగవాడు, రెండు రోజులు చిరాకు పడి మరిచిపోతాడు అనుకున్నాను. మధ్యలో ఇంకొక మనిషి ఉన్నాడన్నది నాకు తట్టనే లేదు. ఉత్తరం మోసేవాడు నాకు మనిషిలాగా కనిపించలేదు కాబోలు.

నిన్ను కార్డు రాయమన్నానే, అది కూడా బాల్యా కోసం కాదు. నేను బయటపడకూడదని.

మొన్న ఆదివారం ఇక్కడ సూర్యాపేట జట్టుతో పోటీ జరిగింది. మావాళ్ళు ఓడిపోయారు. కోదాడ నుంచి బెజవాడకు ఎన్ని మైళ్ళని అడిగితే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. బాల్యా ఉంటే నిద్రలో లేపినా చెప్పేవాడు.

సోమవారం అంగట్లో ఆయన కనిపించాడు. నేనే వెంటపడి, మాట పడి ఎందుకు ఊరుకున్నావని అడిగాను. నీ దగ్గర దాపరికం లేదు, ఆయన అన్న మాటలు అట్లే రాస్తున్నాను.

"మీ ఉత్తరం మోసింది నేనే గదమ్మా. కోదాడల సారు గడగడ జవాబు చెప్తుంటే నాకు ఎరుకైంది, అది ఏడికెల్లి పోయిందో. ఉత్తరం మాటెత్తితే మీ ఇంట్ల ఏమైతదో! ఆడమనిషివి. గందుకే ఊకున్న."

"చదివావా?" అన్నాను.

"మంది ఉత్తరం నేనెట్ల చదువుత?" అన్నాడు. కోపంగా కూడా కాదు. నేను అట్లా అడిగానే అని బాధపడ్డట్టు అన్నాడు.

నేను అక్కడ నిలబడలేకపోయాను. కొన్న వంకాయలు అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

నువ్వు నీ సంగతి రాయి. నా సంగతి నేను చెప్పుకుంటాను.

సుగుణ

———

కోదాడ,
30 ఆగస్టు 1949

అక్కా,

లోపల వేరే కాగితం ఉంది. పఠనాలయంలో అందరి ముందు బావతో చదివించు. జవాబులు నాకు ముందే తెలుసు, అవి బాల్యా చెప్పినవి కావు, తప్పు నాది అని రాశాను. నీ పేరు రాయలేదు. ఎంత రాద్దామన్నా చేయి రాలేదు.

ఆ గెలుపు కొట్టేయమని వకీలు గారికీ రాశాను. ఇక్కడ మావాళ్ళకు చెప్పాను. వినగానే ఒకతను కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. అమ్మకు కూడా చెప్పాను. ఈసారి కషాయం పెట్టలేదు.

సైదయ్య

———

మిర్యాలగూడ,
13 సెప్టెంబరు 1949

సైదులూ,

నాలుగో తేదీ ఆదివారం నీ కాగితం మీ బావ చదివాడు. నేనూ పోయాను. ఆడవాళ్ళు ఎవరూ పోని చోటు కదా, గుమ్మం బయటే చెప్పుల దగ్గర నిలబడ్డాను. చదవడం అయిపోగానే ఎవరో, "బాల్యా చెప్పలేదంటడు, మరి ఎవలు చెప్పిన్రో రాయలేదు. సాటుకు ఒప్పందం ఉన్నట్టుంది" అన్నాడు. నువ్వు నా పేరు దాచావు, ఆ అనుమానం పోయి మళ్ళీ ఆయన నెత్తినే పడింది.

లోపలికి పోయాను. "నేను చెప్పిన. మా తమ్మునికి ఉత్తరంల రాసిన. అందుల ఏమున్నదో తెల్వకుంటనే బాల్యా మోసిండు" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడమే కష్టమయింది.

మీ బావ ఇంటికి వచ్చి అయిదు రోజులు నాతో మాట్లాడలేదు. ఆరో రోజు అన్నం ముందు కూర్చుని, "నేను గాయన గల్ల పట్టుకున్న. ఇంటికొస్తె నువ్వు నాకు బువ్వ పెట్టినవ్. నోట్లకు ముద్ద ఎట్ల పోయిందో నాకు, ఎట్ల పెట్టినవో నువ్వు!" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత చేయి కడుక్కుని, "పా, తండకు పోదాం" అన్నాడు.

పోయాం. బాల్యా మంచం వేసి కూర్చోమన్నాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. మీ బావ తీర్మానం కొట్టేశామని చెప్పి, కొట్టేసిన కాగితం చూపించాడు. నాయకుడివి నువ్వే కావాలన్నాడు. చేతులు రెండూ పట్టుకుని, "తప్పయింది బాల్యా" అన్నాడు. నేను కాళ్ళకు మొక్కబోతే వెనక్కి జరిగాడు.

"మొక్కకమ్మా, నాకు మంచిది కాదు" అన్నాడు. ఎద్దు మెడ నిమిరాడు. తర్వాత అన్నాడు.

"దొంగ అనుడు మాకు కొత్త కాదు వీరయ్యన్నా. మా తాతనన్నరు, మా నాయననన్నరు. నన్నయితె శిన్నప్పటి సంది అంటున్నరు. సదువు నేరిస్తె గా మాట పోతదనుకున్న. గంతే."

నేను తెచ్చిన పత్రికలు మంచం మీద పెట్టాను. ఆయన మర్యాదగానే తీసి నా సంచిలో పెట్టి, పొద్దుపోతోంది, దారి బాగుండదు, బయలుదేరండి అన్నాడు. వాగు దాకా తానే వచ్చి దాటించాడు.

తమ్ముడూ, నువ్వు రా. ఎంత సిగ్గయినా, ఆయన ఎదురుగా నిలబడాల్సింది నువ్వు. క్షమాపణ కాగితం మీద రాసి పంపకు. ఆయన చదవడం మానేశాడు.

నీ అక్క,
సుగుణ